గోల్కొండ సీమ నుంచి సముద్రం దాటిన ఉత్తరాలు

హైదరాబాదు మహానగరానికి పడమటి కొసన, హైటెక్ సిటీ, చందానగర్ స్టేషన్ల నడుమ ఎంఎంటీఎస్ రైలు ఆగే హఫీజ్‌పేట్, ఈనాడు సాఫ్ట్‌వేర్ సంస్థల ఉద్యోగులు పెద్ద సంఖ్యలో నివసించే పేటగా అందరికీ తెలుసు. ఆ పేటకు దక్షిణ ఆగ్నేయంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో గోల్కొండ కోట, వాయవ్యంగా దాదాపు అంతే దూరంలో పటాన్‌చెరు ఉన్నాయి. కోట దర్వాజాలలో ఒకదానికి పటాన్‌చెరు దర్వాజా అన్న పేరు నేటికీ నిలిచి ఉండటాన్ని బట్టి, బీదరు దిక్కుగా సాగిన పాత బాట ఈ వాయవ్య సీమ మీదుగానే పోయేదని గ్రహించవచ్చు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిపోయే బాటల వెంట ఐరోపా వర్తకులు, వజ్రాల వ్యాపారులు, వైద్యులు, క్రైస్తవ మతగురువులు నడిచారు, చూసినవాటిని, విన్నవాటిని తమ దేశాలకు రాసి పంపారు. ఆ రాతలలో చాలా భాగం లండన్, హేగ్ నగరాల పత్రాగారాలలో, అంటే పాత దస్తావేజులను భద్రపరిచే సంస్థలలో, ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉంది. ఆ ఉత్తరాలు తెలుగు నేలను గురించి ఏమి చెబుతున్నాయి, ఏమి చెప్పకుండా వదిలేశాయి, అలా వదిలేయడానికి కారణమేమిటి అన్నది ఈ ప్రసంగంలో పరిశీలించదగిన విషయం. ఉత్తరం రాసినవాడు ఎవరన్నది చరిత్రకారులు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న. అయితే గోల్కొండ ఉత్తరాల విషయంలో అంతకన్నా ముందుగా అడగవలసినది, ఆ ఉత్తరం ఎవరికి రాయబడింది అని.

కుతుబ్ షాహీ వంశం గోల్కొండను 1518 నుంచి 1687 వరకు పాలించింది, 1591లో మూసీ నది దక్షిణపు ఒడ్డున హైదరాబాదు నగరం వెలిసింది, ఆ రాజ్యానికి సముద్రద్వారంగా మచిలీపట్నం పనిచేసింది. డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 1605-06 ప్రాంతంలోనూ, ఇంగ్లీషు కంపెనీవారు 1611లోనూ ఆ రేవులో తమ ఫ్యాక్టరీలను నెలకొల్పారు. ఆనాటి వాడుకలో ఫ్యాక్టరీ అంటే యంత్రాలతో సరకు తయారుచేసే చోటు కాదు. కంపెనీ గుమాస్తాలు నివసించే ఇల్లు, సరకు దాచే గిడ్డంగి, లెక్కలు రాసే కచేరీ కలిసి ఉండే వర్తక స్థావరం. అక్కడ పనిచేసేవారికి కొనడం, అమ్మడం ఎంత ముఖ్యమో రాయడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే వారి యజమానులు ఆరు నెలల నుంచి ఏడాది ప్రయాణమంత దూరంలో ఉండేవారు, ఖర్చు పెట్టిన ప్రతి వరహాకు కాగితం మీద సమాధానం కోరేవారు. ఓడ మునిగితే ఉత్తరం పోతుందన్న భయంతో ఒకే ఉత్తరానికి రెండు మూడు ప్రతులు రాసి వేర్వేరు ఓడలలో పంపేవారు. అలా ఆసియా స్థావరాల నుంచి చేరిన పత్రాలను డచ్చి కంపెనీ ఏటేటా సంపుటాలుగా కుట్టించి ఉంచింది. ఆ కంపెనీ దస్తావేజులలో ఇప్పుడు మిగిలినవి రెండున్నర కోట్ల పుటలు ఉంటాయని అంచనా. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇంగ్లీషు కంపెనీవారి ఉత్తరాలను విలియం ఫోస్టర్ అనే పండితుడు 1906 నుంచి 1927 వరకు పదమూడు సంపుటాలలో సంక్షేపించి ప్రచురించాడు.

ఈ ఉత్తరాలలో తొలి తరానికి చెందినవి యజమానుల కోసం రాసిన నివేదికలు. 1609 నుంచి 1614 వరకు కోరమాండల్ తీరంలో, అంటే కృష్ణా ముఖద్వారం మొదలుకొని దక్షిణంగా సాగే తూర్పు తీరంలో, పనిచేసిన ఆంటొనీ షోరర్ అనే డచ్చి ఉద్యోగి తన దేశానికి తిరిగి వెళ్లాక కంపెనీ పాలకుల కోసం అలాంటి నివేదికను సిద్ధం చేశాడు. అందులో రాజు వైభవం గురించిన వర్ణన కోసం వెతికే పాఠకుడికి నిరాశే మిగులుతుంది. ఏ నేత గుడ్డ ఏ ద్వీపంలో అమ్ముడుపోతుంది, ఏ రంగు ఎవరికి నచ్చుతుంది, ఏ సరకుకు బదులుగా ఏది తేవాలి అన్న వివరాలే దాని సారం. అయినా ఆ పొడి లెక్కల వెనుకనే ఆనాటి తీరాంధ్ర పల్లెల జీవితం దొరుకుతుంది. జావా, సుమత్రా, మలుకు దీవులలో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే అక్కడివారు వెండికన్నా తెలుగు నేతగాళ్ల గుడ్డను ఎక్కువగా కోరేవారు కాబట్టి, నిజాంపట్నం పరిసరాలలో చిరివేరుతో ఎర్ర రంగు అద్దే అద్దకపువారి పని మీద ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల లాభనష్టాలు ఆధారపడ్డాయి. చిరివేరు అంటే తీరప్రాంతపు ఇసుక నేలలలో పెరిగే ఒక చిన్న మొక్క వేరు. దాని నుంచి తీసిన ఎరుపు ఉతికే కొద్దీ నిగ్గు తేలుతుందని పేరు. ఖమ్మం సీమలోని నాగులవంచ నీలిమందు కూడా ఈ లెక్కలలోకి చేరింది. లాభం కోసం రాసిన ఈ కాగితాలలో వట్టి పొగడ్తకు గాని, వినోదానికి గాని చోటు లేదు. అబద్ధం రాస్తే మరుసటి ఏడు వచ్చే ఓడలోనే బయటపడుతుంది. ఈ నివేదికలకు చరిత్రలో ఉన్న విశ్వసనీయతకు ఇదే ముఖ్యమైన ఆధారం.

విలియం మెథ్వోల్డ్ స్థితి కొంత వేరు. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వ్యవహారాలను చూసిన ఈ వర్తకుడు, ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక శామ్యూల్ పర్చాస్ అనే మతగురువు కూర్చుతున్న యాత్రా సంకలనం కోసం గోల్కొండ రాజ్య వర్ణన ఒకటి రాశాడు, అది 1626లో అచ్చయింది. ఇప్పుడతడు రాస్తున్నది యజమానికి కాదు, ఎన్నడూ ఓడ ఎక్కని లండన్ పాఠకుడికి. అందువల్ల ధరల పట్టికలు వెనక్కి తగ్గి మనుషులు ముందుకు వచ్చారు: బ్రాహ్మణులు, కోమట్లు, కాపులు, కంసాలులు, బోగంవారు ఏ పని చేస్తారో, ఎవరు ఎవరితో కలిసి భోజనం చేయరో అతడు వరుసగా వివరించాడు. రాజ్య పాలనలో ఉన్న ఒక క్రూరమైన పద్ధతిని కూడా అతడు దాచలేదు. మచిలీపట్నం వంటి ప్రాంతాల అధికారాన్ని ఏటా ఎక్కువ పాట పాడినవాడికి ఇచ్చేవారు, పాటదారుడు ఒప్పుకున్న సొమ్మును రైతుల నుంచి, నేతగాళ్ల నుంచి పిండుకొనేవాడు, చెల్లించలేకపోతే అతడి శరీరమే జామీను అయ్యేది. 1614లో అలా సొమ్ము చెల్లించలేకపోయిన ఒక బ్రాహ్మణ అధికారిని బెత్తాలతో కొట్టి చంపిన ఉదంతాన్ని మెథ్వోల్డ్ నమోదు చేశాడు. కుతుబ్ షాహీల ఉదారతను గురించి తెలుగువారు ఇష్టంగా చెప్పుకొనే కథల పక్కన ఈ సంఘటనను కూడా ఉంచి చదవడం న్యాయం; రెండూ ఒకే కాలానివి, ఒకే రాజ్యానివి.

మెథ్వోల్డ్ రాతలో అన్నింటికన్నా విలువైన భాగం కృష్ణా తీరపు వజ్రపు గనిని గురించినది. డచ్చి సహచరులతో కలిసి అతడు చూసిన ఆ గని కొల్లూరుదని ఈ గ్రంథాన్ని 1931లో హక్లూట్ సంఘం కోసం పరిష్కరించిన డబ్ల్యూ.హెచ్. మోర్లాండ్ నిర్ణయించాడు. గనిని కంసాలి కులానికి చెందిన ఒక ధనిక వర్తకుడు ఏడాదికి మూడు లక్షల వరహాలకు గుత్తకు తీసుకున్నాడని, పది క్యారెట్లకు మించిన రాయి ఏది దొరికినా అది రాజుకే చెందాలన్న షరతు ఉండేదని మెథ్వోల్డ్ చెప్పాడు. అక్కడ దాదాపు ముప్పై వేల మంది పనిచేస్తున్నారని అతడి అంచనా. లోతైన గుంటల నుంచి మట్టిని, నీటిని పైకి తేవడానికి కప్పీ గాని, మరే యంత్రం గాని లేదు. మనుషులు ఒకరిపైన ఒకరుగా అంచెలలో నిలబడి గంపలను చేతి నుంచి చేతికి అందించేవారు. ఆ మట్టిని చదును చేసిన నేల మీద పరిచి, ఎండబెట్టి, పగలగొట్టి, జల్లించి, మిగిలిన గులకలలో రాళ్లను ఏరేవారు. కోహినూరు కొల్లూరు సీమలోనే దొరికిందని చాలామంది నమ్మకం, ఆ ఒక్క రాయి చరిత్ర మీద ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఆ గంపలు మోసిన ముప్పై వేల మందిని గురించి మిగిలిన కొద్దిపాటి ప్రత్యక్ష సాక్ష్యంలో ఈ పుటలు ముఖ్యమైనవి.

అదే గనికి కొన్ని దశాబ్దాల తర్వాత వెళ్లిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు జాఁ బతీస్త్ తవెర్నియే అక్కడ అరవై వేల మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు పనిచేస్తున్నారని రాశాడు. ముప్పై వేలా, అరవై వేలా అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదు. గని విస్తరించి ఉండవచ్చు, లేదా ఇద్దరూ చూపుమేర లెక్కే వేసి ఉండవచ్చు. ఒక్క విషయం మాత్రం గమనించాలి: తవెర్నియే 1630 నుంచి 1668 వరకు ఆరు యాత్రలు చేసి, వాటి కథను 1676లో పారిస్‌లో అచ్చు వేయించేనాటికి, పద్నాలుగవ లూయీ రాజుకు వజ్రాలు అమ్మినవాడిగా ఐరోపా అంతటా ప్రసిద్ధుడు, ఆ ప్రసిద్ధికి తగిన పాఠకులనే దృష్టిలో ఉంచుకొని రాశాడు. అయినా వర్తకుడి కన్ను అతడిని వదలలేదు. బీజాపూరు రాజ్యంలోని రావుల్కొండ గనిలో కూలివాడికి ఏడాది మొత్తానికి మూడు వరహాలే ముట్టేవని, ఆ పేదరికం వల్లనే రాళ్లు దాచుకొనే ప్రయత్నాలు జరిగేవని, అందుచేతనే ప్రతి యాభై మంది పనివారికి పన్నెండు నుంచి పదిహేను మంది కాపలాదారులు ఉండేవారని అతడు రాశాడు. కూలిడబ్బు, దొంగతనం, కాపలా అన్న మూడింటినీ ఒకదానికి ఒకటి కారణంగా కలిపి చూపడం ఆనాటి యాత్రికులలో అరుదైన తెలివి. బేరం జరిగే తీరు మరింత ఆసక్తికరం: అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చొని, నడుముకు కట్టుకొనే వస్త్రం కింద చేతులు కలిపి, పట్టుకొన్న వేళ్ల సంఖ్యతో, పట్టు తీరుతో ధర చెప్పుకొనేవారు, చుట్టూ ఉన్నవారికి ఒక్క మాటా వినిపించేది కాదు. 1677లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఒక నివేదిక గోల్కొండ రాజ్యంలో ఇరవై మూడు వజ్రపు గనులను లెక్కించింది, అంటే తవెర్నియే పుస్తకం వెలువడిన మరుసటి ఏటికే ఈ నేల లోపలి సంపద ఐరోపాలో శాస్త్ర చర్చకు కూడా ఎక్కింది.

నగరాన్ని చూసినవారి రాతలలో సంభ్రమం ఎక్కువ. మూసీ మీది పురానాపూల్ పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు ఏమాత్రం తీసిపోదని తవెర్నియే భావించాడు. 1666లో గోల్కొండ చేరిన జాఁ ద తెవనో అనే మరో ఫ్రెంచి యాత్రికుడు చార్‌మినార్‌ను కొలతలతో సహా వర్ణించాడు, రాజ్యంలోకి అడుగు పెట్టింది మొదలు అడుగడుగునా ఎదురైన సుంకపు చౌకీల మీద విసుగు చూపాడు. తెవనో వజ్రాలు కొనడానికి రాలేదు, కంపెనీ ఉద్యోగి కాడు. తెలుసుకోవాలన్న కుతూహలమే అతడిని నడిపించింది కాబట్టి అతడి రాతలో భవనాలు, భాషలు, వ్యాధులు, దారి దూరాలు సమానంగా చోటు చేసుకున్నాయి. తిరుగు ప్రయాణంలో అతడు బీదరు దారి పట్టాడు. పటాన్‌చెరు దిక్కుగా సాగే ఆ బాట నేటి హఫీజ్‌పేట్, చందానగర్, లింగంపల్లి పరిసరాలకు ఎంతో దూరం కాదు. 1667 నవంబరులో పర్షియాలో మరణించే నాటికి అతడి వయస్సు ముప్పై నాలుగేళ్లు. భారతదేశ యాత్రకు సంబంధించిన భాగం 1684లో, అతడు పోయిన చాలా ఏళ్లకు, అచ్చులోకి వచ్చింది. ఆ ప్రతిని సరిచూసుకొనే అవకాశం అతడికి లేకపోయింది, ఆ పుటలను చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

డచ్చి కంపెనీలో వైద్యుడిగా, గుమాస్తాగా పనిచేసి గోల్కొండలోనూ మచిలీపట్నంలోనూ ఏళ్ల తరబడి నివసించిన డేనియల్ హావార్ట్ వంటివారిని యాత్రికులనడం కన్నా స్థిరపడినవారనడమే సరి. అతడు పారశీకం నేర్చుకొని సాదీ కవి కావ్యాన్ని డచ్చిలోకి తెచ్చాడు, 1693లో కోరమాండల్ ఉన్నతి, పతనాలను గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు. అబుల్ హసన్ తానీషా మంత్రులైన అక్కన్న, మాదన్నలను ఎరిగినవారి సాక్ష్యం కాబట్టి ఆ గ్రంథం తెలుగు చరిత్రకు ఎంతో విలువైనది. కాని కంపెనీవారికి ఆ సోదరులతో సుంకాల విషయంలో, బాకీల విషయంలో నిత్యం తగవులే, 1686లో డచ్చివారు మచిలీపట్నాన్ని ఆక్రమించేదాకా ఆ వైరం పోయింది. ఆ కారణంగా డచ్చి రాతలలో కనిపించే మాదన్నకు, భద్రాచల రామదాసు మేనమామగా తెలుగువారు తరతరాలుగా తలచుకొనే మాదన్నకు పోలిక తక్కువ. ఇందులో ఒకటి నిజం, మరొకటి కల్పన అని తీర్పు చెప్పడం తొందరపాటు. ఒక సాక్ష్యం అప్పుల లెక్క చూసేవారి కోసం పుట్టింది, మరొకటి భక్తుల కోసం పుట్టింది. మంత్రిగా మాదన్న చేసిన పని ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది, దాన్ని వెలికి తీయడానికి ఫర్మానాలు, అంటే రాజు ముద్రతో వెలువడిన ఆజ్ఞాపత్రాలు, శాసనాలు కూడా కావాలి.

వర్తకుల ఉత్తరాలకు పనిలేని సంగతులు మరికొన్ని ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్ షా పాలించిన 1550-1580 మధ్యకాలంలో పటాన్‌చెరులో అధికారిగా ఉన్న అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో, అంటే సంస్కృత సమాలు లేకుండా, రాసిన తొలి కావ్యంగా దానికి సాహిత్య చరిత్రలో స్థానం ఉంది. నేటి హఫీజ్‌పేట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఒక ముస్లిం అధికారి కొలువులో ఇంత పెద్ద సాహిత్య ప్రయోగం జరిగిన సంగతి ఆమ్‌స్టర్‌డామ్ గిడ్డంగులకు అవసరం లేనిది, కాబట్టి సరకుల ఉత్తరాలలో దానికి చోటు దొరకలేదు. అందువల్ల ఐరోపా లేఖలనే ఆధారం చేసుకొని గోల్కొండను ఊహించే పాఠకుడు వజ్రాలు, గుడ్డలు, సుంకాలు, రాజదండనలు ఉన్న రాజ్యాన్ని చూస్తాడు గాని, కవులున్న రాజ్యాన్ని చూడలేడు.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఉత్తరం స్వభావమే మారింది. 1798 సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకోవడంతో, ఆ ఏడు మార్చిలో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాఁ నిర్మించిన పటాలం నిరాయుధమైంది, కంపెనీ రాయబారి అయిన రెసిడెంటు హైదరాబాదులో అసలు బలవంతుడయ్యాడు. ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెండు రకాల ఉత్తరాలు రాసేవాడు. కలకత్తాలోని గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి పోయేవి రాజకీయ నివేదికలు. తనకు ముందు అదే పదవిలో పనిచేసి, తర్వాత వెల్లెస్లీకి కార్యదర్శి అయిన అన్న విలియంకు పోయేవి ఆంతరంగిక లేఖలు. నిజాము కొలువులోని ప్రముఖుడు మీర్ ఆలం బంధువర్గానికి చెందిన ఖైరున్నిసాను జేమ్స్ ఇస్లాం పద్ధతిలో పెళ్లాడిన విషయం మొదటి రకం ఉత్తరాలలో మరుగున ఉండగా, రెండవ రకం ఉత్తరాలలో క్రమంగా బయటపడుతుంది. కొన్ని భాగాలను ఇతరులు చదవలేని సంకేతలిపిలో కూడా రాశారు. ఒకే చేతితో, ఒకే రోజులలో, ఒకే గదిలో రాసిన కాగితాలు ఒకే సంగతిని గురించి ఇంత భిన్నంగా మాట్లాడటం పరిశోధకులకు గొప్ప పాఠం. ఈ లేఖలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి ఆధారంగానే విలియం డాల్రింపుల్ 2002లో వైట్ మొఘల్స్ అనే గ్రంథం రాశాడు. కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టిన రెసిడెన్సీ భవనం కోఠీలో ఉంది. కోఠీ మహిళా కళాశాలగా దశాబ్దాలు సేవ చేసి, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయంలో భాగమైంది.

కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తాలో మరణించాడు. అంతకు కొద్ది కాలం ముందే అతడి పిల్లలిద్దరినీ చదువు కోసం ఇంగ్లండుకు పంపారు. తల్లి ఖైరున్నిసా 1813లో కన్నుమూసింది, పిల్లలను మళ్లీ చూడలేదు. కూతురు సాహిబ్ బేగం ఇంగ్లండులో కిటీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగి, పెళ్లి చేసుకొని, 1841లో, మూడున్నర దశాబ్దాల తర్వాత, హైదరాబాదులో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నిసాకు ఉత్తరం రాసింది. మనుమరాలికి పారశీకం రాదు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. రెసిడెన్సీ అధికారి ఒకరు నడుమ ఉండగా, వృద్ధురాలు పారశీకంలో రాయించిన జవాబులకు ఇంగ్లీషు అనువాదం జతచేసి ఓడ ఎక్కించారు. ఈ ప్రసంగంలో ఇంతవరకు ప్రస్తావించిన లేఖలన్నీ హైదరాబాదును గురించి పరాయివారు పరాయివారికి రాసినవి కాగా, ఇక్కడ మాత్రం హైదరాబాదు స్త్రీ ఒకరు సముద్రానికి ఆవల ఉన్న మనిషికి తన బాధను, ప్రేమను తానే చెప్పుకొన్నది. రాజకీయ చరిత్ర దృష్టితో చూస్తే ఆ ఉత్తరాలకు ప్రాధాన్యం లేదనిపించవచ్చు, కాని సామ్రాజ్యం ఒక కుటుంబాన్ని ఏం చేసిందో తెలుసుకోవాలంటే వాటిని మించిన పత్రం దొరకదు. 1847లో షరఫున్నిసా మరణంతో ఆ ఉత్తరాలు ఆగిపోయాయి, ఇద్దరూ తిరిగి కలుసుకోలేదు.

ఇదే కాలంలో గోదావరి ఒడ్డున మరో రకం కుటుంబ లేఖలు పుట్టాయి. రాజమండ్రిలో న్యాయాధికారిగా పనిచేసిన భర్తతో అక్కడ కాపురం ఉన్న జూలియా షార్లెట్ మైట్లాండ్, తన ఇంటివారికి రాసిన ఉత్తరాలను 1843లో పేరు చెప్పకుండా, ఒక మహిళ రాసినవిగా లండన్‌లో ప్రచురించింది. 1836 నుంచి 1839 వరకు సాగిన ఆ ఉత్తరాలలో రాజమండ్రి పిల్లల కోసం నడిపిన బడి, నౌకర్ల మాటలు, వేసవి తాపం, ఊరి పెద్దల రాకపోకలు కనిపిస్తాయి. పాలకవర్గపు అహంకారం కొన్నిచోట్ల మనసును నొప్పిస్తుంది, అయినా సర్కారు నివేదికలకు ఎక్కని రోజువారీ జీవితం అందులో మిగిలింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే తెలుగువారి చేతి నుంచి కూడా అలాంటి లేఖలు వెలువడ్డాయి. మద్రాసు సుప్రీం కోర్టులో ప్రధాన ఇంటర్‌ప్రెటర్‌గా, అంటే భాషల మధ్య మాట చేరవేసే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయలుదేరి, దారిలో హైదరాబాదు చూసి, 1831 సెప్టెంబరులో మద్రాసుకు తిరిగి వచ్చాడు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఆయన పంపిన రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. మజిలీల దూరాలు, నీటి వసతి, బస దొరికే చోట్లు, వస్తువుల ధరలు, పాలకుల నడవడి, అన్నీ తన తర్వాత ఆ దారిన నడిచే తెలుగువారికి పనికి వచ్చేలా రాసిన ఆ ఉత్తరాలను తెవనో రాతల పక్కన పెట్టి చదవాలి. ఇద్దరూ కుతూహలంతో చూసినవారే, కాని వీరాస్వామయ్య ఎవరికి రాశాడో ఆ పాఠకుడికి ఈ దేశం పరాయిది కాదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాము రైలుమార్గం తెరుచుకుంది. నేటి హఫీజ్‌పేట్ స్టేషన్ ఉన్నది ఆ మార్గం మీదనే. వాడి దగ్గర ఆ మార్గం బొంబాయి పట్టాలతో కలవడం, అంతకు ముందే 1869లో సూయెజ్ కాలువ తెరుచుకొని ఉండటం వల్ల, ఒకప్పుడు ఆరేడు నెలలు పట్టిన లండన్ ఉత్తరం మూడు నాలుగు వారాలలో చేరసాగింది. ఆ వేగం లేఖల తీరును మార్చింది: జరిగిపోయినదాన్ని నివేదించే ఉత్తరం స్థానంలో, ఇంకా జరుగుతున్న ఆలోచనను పంచుకొనే ఉత్తరం వచ్చింది. సికింద్రాబాదు దండులో వైద్యుడైన రోనాల్డ్ రాస్ మలేరియాను గురించి లండన్‌లోని పాట్రిక్ మాన్సన్‌తో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఇందుకు మంచి సాక్ష్యం. 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించేదాకా సాగిన సందేహాలు, వైఫల్యాలు, మాన్సన్ ఇచ్చిన సూచనలు వాటిలో తేదీలవారీగా మిగిలాయి. దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకొని, ఒక్కో దోమకు ఒక్కో అణా కూలి తీసుకున్న రోగి హుసేన్‌ఖాన్ పేరు కూడా రాస్ రాతల వల్లనే నిలిచింది. కొల్లూరు గనిలో గంపలు మోసినవారిలో ఒక్కరి పేరైనా అంత స్పష్టంగా మిగిలి ఉంటే తెలుగు చరిత్ర ఎంత భిన్నంగా ఉండేదో ఊహించవచ్చు.

ఈ సంపద అంతా పాఠకులకు ఎంత అందుబాటులో ఉందన్నది చివరి ప్రశ్న. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పత్రాగారంలో మొఘలుల కాలపు పారశీక దస్తావేజులు ఉన్నాయి, లండన్ ప్రతులకు సూచికలు ఉన్నాయి, మెథ్వోల్డ్, తవెర్నియే, తెవనో రచనలు ఇంగ్లీషులో దొరుకుతాయి. అన్నింటికన్నా తక్కువగా చదివినవి డచ్చి ఉత్తరాలే, ఎందుకంటే అవి పాత డచ్చి భాషలో, అలవాటు లేని చేతిరాతలో ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని హైగెన్స్ సంస్థ గ్లోబలైజ్ అనే పథకం కింద ఆ కంపెనీకి ఆసియా నుంచి చేరిన దాదాపు యాభై లక్షల పుటల ప్రతిబింబాలను కంప్యూటరు చేత చదివించి, ఎవరైనా వెతుక్కొనే రూపంలోకి తెస్తోంది. చేతిరాతను గుర్తించే ఈ విద్యను యంత్రాలకు నేర్పేవారు హఫీజ్‌పేట్ చుట్టుపక్కల కార్యాలయాలలో లేకపోలేదు. అయితే యంత్రం అక్షరాలను మాత్రమే గుర్తించగలదు. డచ్చి గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్న ఊరి పేరు పాలకొల్లా, ద్రాక్షారామమా, నిజాంపట్నమా అని తేల్చడానికి, అక్కడి నేతగాడి ఇంటిపేరును, కొలమానాన్ని, చేతివృత్తి మాటను పోల్చడానికి తెలుగు తెలిసిన మనిషి ఆ పుట ముందు కూర్చోవాలి. అందుకు నాగులవంచ మంచి ఆరంభం కాగలదు: ఖమ్మం జిల్లా చింతకాని మండలంలో ఆ ఊరు అదే పేరుతో ఇప్పటికీ ఉంది, డచ్చివారు అక్కడ ఒక స్థావరాన్ని నడిపారు, ఆ ఊరి నీలిమందు కోసం సాగిన ఉత్తరాలు హేగ్ సంపుటాలలో ఉన్నాయి.